బొరియ ముందు కోటు

శనివారం పొద్దున పదింటికి మరిది డగల్ వచ్చి కుక్క నెటిల్‌ను తీసుకెళ్ళాలి. ఆ సంగతి పిల్లలకు ఎలా చెప్పాలా అని హెస్టర్ వారం రోజులుగా మాటలు వెతుక్కుంటూనే ఉంది. చివరికి శుక్రవారం సాయంత్రం గిన్నెలు కడుగుతూ, వెనక్కి తిరగకుండానే చెప్పేసింది.

"నెటిల్ ఇకనుంచి బాబాయ్ దగ్గరే ఉంటుంది."

ఏడేళ్ళ ఐల్సా చేతిలోని చెంచా బల్ల మీద పెట్టేసింది. మూడేళ్ళ టెస్ మాత్రం, "ఎన్ని రోజులు?" అంది.

హెస్టర్ ఇంకో గిన్నె అందుకుంది.

నెటిల్ బోర్డర్ టెర్రియర్, బొరియల్లో దూరి వేటాడే జాతి. ఎండుగడ్డి రంగు, గరుకు వెంట్రుకలు, పిల్లికంటే కాస్త పెద్ద ఒళ్ళు. అది హెస్టర్ భర్త కేలమ్ కుక్క. గొర్రెలు కాసే కేలమ్‌తో పాటు రోజంతా కొండల మీద తిరిగి, రాత్రికి అతని కాళ్ళ దగ్గర పడుకునేది. ఫిబ్రవరిలో కేలమ్ పోయాడు. ఆ తరవాత ఈ ఏడు నెలల్లో దానితో హెస్టర్‌కు తల ప్రాణం తోకకొచ్చింది. కంచె కింద తవ్వి పక్కింటి ముసలమ్మ కోళ్ళను రెండింటిని చంపింది. సెలవులకని బడివాళ్ళు ఐల్సాకు అప్పగించిన, కుందేలు పిల్లంత గినీ పందిని పెరట్లోనే కొరికేసింది. పోయిన ఆదివారం దాని గిన్నెలో టెస్ చెయ్యి పెడితే గుర్రుమని చొక్కా చెయ్యి పట్టుకుంది. పళ్ళు ఒంటికి తగల్లేదు. తగిలుంటే అన్న ఆలోచనతోనే ఆ వారం గడిచింది.

"చిన్నపిల్లలున్న ఇంట్లో టెర్రియర్ ఏంటమ్మా," అని ఊరంతా అంటూనే ఉంది. కేలమ్ ఒక్కడే ఒప్పుకునేవాడు కాదు. పిల్లలకు దీన్ని మించిన కుక్క లేదు, నేర్పాల్సింది దానికి కాదు పిల్లలకు అనేవాడు. నేర్పుతానన్నది నువ్వే కదా, ఎప్పుడు నేర్పావు అని హెస్టర్ గిన్నెలు తోముతూ రోజూ అతనితో పోట్లాడుతోంది. చనిపోయిన మనిషితో పోట్లాటలో గెలుపు ఉండదు. అది ఇంకా చికాకు.

శనివారం డగల్ వ్యాను ఆగేసరికి టెస్ బాబాయ్‌కి ఎదురెళ్ళాలని గేటు గడియ తీసింది. నెటిల్ ఆ సందులోంచి దూరి, రోడ్డు దాటి, ముళ్ళపొదల గట్టు ఎక్కి, కుందేళ్ళ బొరియలో మాయమైపోయింది.

డగల్ గట్టు మీద బోర్లా పడుకుని నేలకు చెవి ఆనించాడు. లోపల ఎక్కడో, దుప్పటి కింద నుంచి వచ్చినట్టు మొరుగు వినిపిస్తోంది.

"చాలా లోపలికి పోయింది వదినా. అంతా రాయి. తవ్వడం కుదరదు."

"అయితే ఏం చేద్దాం? సాయంత్రం దాకా ఇక్కడే కూర్చుందామా?"

"కోటు పెట్టి పోవడమే."

ఆ కొండల్లో కుక్కలున్న వాళ్ళందరూ చేసే పనే అది. కుక్క బొరియలోంచి రాకపోతే, దాని మనిషి తన కోటు విప్పి బొరియ ముందు పరిచి ఇంటికెళ్ళిపోతాడు. బయటికొచ్చిన కుక్క ఆ వాసన పట్టుకుని అక్కడే పడుకుంటుంది. తెల్లారి వెళ్ళి తెచ్చుకోవడమే.

హెస్టర్ తన కోటు గుండీలు విప్పబోయింది.

"నీది పెడితే ఏం లాభం? నిన్నెప్పుడు లెక్కచేసింది అది?" డగల్ నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగాడు. "అన్నయ్య కోటు ఉందా?"

ఉంది. పెరటి తలుపు వెనక కొక్కేనికి, అతను వేలాడదీసినచోటే. జేబులో ఈల, గొర్రెలకు కట్టే పురికొస అలాగే ఉన్నాయి. ఏడు నెలలుగా దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తలుపు తీసేటప్పుడు ఒక్కోరోజు కాలరు దగ్గర ఆమె ముఖం ఆగేది. అంతే.

ఆ దిక్కుమాలిన కుక్క కోసం దాన్ని తెచ్చి మట్టిలో పరచాల్సి వచ్చింది.

"ఇక చూడు, పొద్దున్నకల్లా దీనిమీదే ఉంటుంది. సరాసరి వ్యాను ఎక్కించుకుపోతా," అన్నాడు డగల్.

"నా కోటు కూడా పెడతా," అంది టెస్, అప్పటికే ఎర్ర కోటులోంచి ఒక చెయ్యి లాగేస్తూ.

"నీదెందుకే? అది నిన్ను కరవబోయింది," అంది హెస్టర్.

"దాని కూడు నేను తీశా కదా."

"తియ్యొద్దని నేను చెప్పా," అంది ఐల్సా. "ఇది వినలేదు."

హెస్టర్‌కు వాదించే ఓపిక లేదు. "పెట్టుకో," అంది.

చీకటి పడకముందే వాన మొదలైంది. హెస్టర్ కిటికీ దగ్గర నిలబడింది. కోటు తెచ్చేద్దామని రెండుసార్లు బూట్లు వేసుకుని, రెండుసార్లూ విప్పేసింది. ఇప్పుడు తెస్తే కుక్క రాదు. తేకపోతే కాలరులో మిగిలిన అతని వాసన ఈ వానకు పోతుంది.

పొద్దున డగల్‌తో కలిపి నలుగురూ గట్టు ఎక్కారు. కేలమ్ కోటు ముందురోజు పరిచినట్టే ఉంది, నీళ్ళు తాగి బరువెక్కి. దాని పక్కన, చిన్న ఎర్ర కోటు మీద ఉండచుట్టుకుని నెటిల్ పడుకుంది. ముక్కు మీద గీత, ఒళ్ళంతా మట్టి. ఎర్ర కోటు జేబు చిరిగి ఉంది.

"జేబులో ఏముందే?" అన్నాడు డగల్.

"బిస్కెట్టు."

"అదీ సంగతి. బిస్కెట్టు కోసం వదినా, ఇంకేం లేదు."

"అయ్యుండొచ్చు," అంది హెస్టర్.

ఆమె కేలమ్ కోటు ఎత్తి కాలరు ముఖానికి ఆనించుకుంది. తడి గుడ్డ వాసన, మట్టి వాసన. మళ్ళీ ఆనించుకుంది. అంతకుమించి ఏమీ లేదు. ఒళ్ళు మండిపోయింది. కుక్క మీద, వాన మీద, కోటు అడిగిన డగల్ మీద, తెచ్చి ఇచ్చిన తన మీద.

టెస్ చేతులు చాచి కుక్క మీదికి పరిగెత్తబోయింది. హెస్టర్ భుజం పట్టి ఆపింది.

"మీద పడకు. కింద కూర్చుని పేరు పెట్టి పిలువు. అదే వస్తుంది."

అది కేలమ్ మాట. ఎప్పుడు విన్నదో గుర్తులేదు.

టెస్ తడి గడ్డిలో కూలబడి పిలిచింది. నెటిల్ లేచి, ఒళ్ళు దులుపుకుని, కేలమ్ కోటును ఒకసారి వాసన చూసి, వచ్చి టెస్ మోకాళ్ళకు ఆనుకుంది.

డగల్ జేబులోంచి గొలుసు తీశాడు. "ఎక్కించనా?"

"వద్దు. గేటుకు ఇంకో గడియ బిగించి వెళ్ళు. దీనికి అందనంత ఎత్తులో."

"కుక్కకా, టెస్‌కా?"

"ఇద్దరికీ."

ఇంటికొచ్చి కోటును పొయ్యి దగ్గర ఆరేసింది. ఆరినా ఆ వాసన తిరిగి రాదని ఆమెకు తెలుసు. తరవాత వంటింటి నేల మీది కుక్క గిన్నె తీసి సామాన్ల గదిలో పెట్టి, నెటిల్‌ను లోపలికి పంపి తలుపు వేసింది. పిల్లలిద్దరినీ తలుపు బయట నిలబెట్టింది.

"అది తింటున్నంతసేపూ ఈ తలుపు ఎవరూ తియ్యరు. ఏమన్నాను?"

"ఎవరూ తియ్యరు," అన్నారిద్దరూ.

లోపల గిన్నె చప్పుడు ఆగింది. ఆ వెంటనే తలుపు కింద చెక్కను గోళ్ళతో గీకడం మొదలైంది.

"నెటిల్, ఆపు," అంది హెస్టర్.

అది ఆపలేదు.