కాగితం ప్రకారం సొరుగు

ప్రేమ్‌రాజ్ ముప్పై రెండేండ్లు నాంపల్లిలో ఒక సర్కారు ఆఫీసు రికార్డు సెక్షన్‌లో పనిచేసి, సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. కాగితం మీద ఉన్నది నిజం, లేనిది పుకారు అన్నది ఆయన విశ్వాసం. ఆదివారాలు చర్చికీ పోయేవాడు, అది అదనం.

ఆబిడ్స్ వెనక గల్లీలో ఇల్లు. వంటింట్లో పాత టేకు అల్మారా, దాని ముఖానికి వెడల్పాటి చౌకట్టు, చౌకట్టులో మూడు సొరుగులు. వానలు మొదలైతే చెక్క ఉబ్బి సొరుగులు బిగుసుకుపోయేవి. భార్య మాబెల్ ఆరేండ్లుగా చెబుతూ వచ్చింది. ఆయన ఆరేండ్లుగా "పరిశీలిస్తా" అంటూ వచ్చాడు. ఆఫీసులో ఆ మాట విన్నవాళ్లు మళ్లీ అడిగేవాళ్లు కాదు. కానీ సొరుగు రోజూ గుంజేది మాబెల్ గనక అడుగుతూనే ఉంది. 2007 జూలైలో ఒక పొద్దున ఆమె గరిటె కోసం బలంగా గుంజితే సొరుగు మొత్తం ఊడొచ్చింది. ఆమె వెనక్కి పడి కుడి మణికట్టు విరిగింది.

దవాఖానలో కట్టు వేస్తుంటే ప్రేమ్‌రాజ్ బయట బెంచీ మీద కూర్చున్నాడు. "నాదే తప్పు" అనాలనిపించింది. అంత సర్వీసులో ఆ వాక్యం ఏ ఫైలులోనూ రాయలేదేమో, నోటికి రాలేదు. దాని బదులు మర్నాడు ట్రూప్ బజార్ పోయి, ఇనప సామాన్ల దుకాణంలో అన్నిటికన్నా మంచివి, సొరుగులు జారే చానెళ్లు మూడు జతలు తెచ్చాడు. అవి సొరుగు అడుగున కనపడకుండా ఉంటాయట. వేలితో తోస్తే చాలట, చివర్లో వాటంతట అవే మెల్లగా మూసుకుంటాయట. పెట్టెలో బొమ్మలతో, కొలతలతో ఒక కాగితం కూడా ఉంది. ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

నాంపల్లి నుంచి వడ్రంగి రాజమల్లు వచ్చాడు. అల్మారా చూసి, చానెల్ చూసి, కాగితం చూసి నెత్తి గోక్కున్నాడు.

"సార్, గీ బొమ్మలున్న అల్మారాకు ముంగట చౌకట్టు లేదు. మనదానికి చౌకట్టు రెండు దిక్కులా ఇంచు లోపలికొచ్చింది. చానెల్ పక్క చెక్కకు కొడితే చౌకట్టు ఎనక దాగుతది. మద్దెల జర చెక్క ముక్కలతోని ప్యాకింగ్ వెయ్యాలె."

"కాగితంలో ప్యాకింగ్ అని ఉందా?"

"లేదు సార్."

"మరి నీకెట్లా తెలుసు?"

"ఇరవై ఐదేండ్ల సంది గిదే పని చేస్తున్న సార్."

అనుభవం వేరు, ఆధారం వేరు అని ప్రేమ్‌రాజ్ పది నిమిషాలు వివరించాడు. అల్మారా లోపలి వెడల్పు చూసి, దానికి కొంచెం తక్కువగా సొరుగు చెయ్యమంది కాగితం. లోపలి వెడల్పు తనే టేపు పెట్టి కొలిచాడు. రాజమల్లు మళ్లీ నోరు తెరవబోతే, "నీ అభ్యంతరం నమోదైంది" అన్నాడు.

రాజమల్లు చెప్పిన కొలతకు చెప్పినట్టే మూడు కొత్త సొరుగులు చేసి తెచ్చాడు. చానెళ్లు పక్క చెక్కలకు బిగించాడు. "డ్రాలు మీరే పెట్టుకోండ్రి సార్, ఎట్ల పెట్టాలెనో కాగితంల ఉన్నది గద" అని సంచి భుజానేసుకుని వెళ్లిపోయాడు.

ప్రేమ్‌రాజ్ మాబెల్‌ను పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. మొదటి సొరుగు రెండు చేతులా పట్టుకుని అల్మారా ముందు వంగాడు. అది చౌకట్టుకు తగిలి ఆగింది. ఏటవాలుగా పెట్టాడు. నిలువుగా పెట్టాడు. తలకిందులు చేశాడు. లోపల ఉండటానికి ఆ సొరుగుకు అన్ని అర్హతలూ ఉన్నాయి, లోపలికి పోవడానికి దారి మాత్రం రెండించులు తక్కువ. అట్లాంటి దరఖాస్తులు ఆయన ఆఫీసులో చాలా చూశాడు, కానీ అవి తనవి కావు.

చెమట తుడుచుకుని, "చౌకట్టుదే లోపం" అని తేల్చి, లోపలికెళ్లి రంపం తెచ్చాడు.

మాబెల్ లేచి అల్మారాకు అడ్డంగా నిలబడి ఎడమ చెయ్యి చాపింది. "ముందు దీన్ని కొయ్యండి, తర్వాత చౌకట్టు. నేను చెబితే వినలేదు, చెయ్యి విరిగింది. అతను చెబితే వినలేదు, మూడు డ్రాలు పాడైనయి. ఇంకెవరు చెప్పాలె?"

ప్రేమ్‌రాజ్ రంపం కింద పెట్టాడు.

"నాదే తప్పు, మాబెల్."

"సంతోషం. పోయి రాజమల్లుకు కూడా చెప్పి రండి."

నాంపల్లి దాకా నడిచే పోయాడు. కొట్లో రాజమల్లు పలక నున్నగా అయ్యేట్టు రందా పడుతున్నాడు. ఆయన్ను చూసినా చెయ్యి ఆపలేదు.

"కాగితంలో ఒక లోపం కనబడింది రాజమల్లూ."

"కాగితంలనా సార్?"

రందా రెండుసార్లు అటూ ఇటూ పోయింది. "కాదు, నా దగ్గరే" అన్నాడు ప్రేమ్‌రాజ్.

రాజమల్లు రందా పక్కన పెట్టాడు. "కూసోండ్రి సార్. చాయ్ తాగుతరా?"

మర్నాడు పని మళ్లీ మొదలైంది. రాజమల్లు సొరుగులు విప్పి, చౌకట్టు సందులో పట్టేట్టు సన్నం చేశాడు. చానెళ్లు ఊడదీసి, పక్క చెక్కలకు ముందొకటి వెనకొకటి ఇంచు మందం చెక్కలు వేసి, చౌకట్టు అంచుకు సమంగా తెచ్చాడు. వాటి మీద చానెళ్లు బిగించాడు. మట్టం పట్టుకునే ఉద్యోగం ప్రేమ్‌రాజ్‌ది. "జర సీదా పట్టుండ్రి సార్, ఏంది గట్ల ఒక దిక్కు వంచుతున్నరు" అని రాజమల్లు కసిరితే, "ఔ ఔ" అని సీదాగా పట్టాడు.

సొరుగు లోపలికి జారి టక్కున పట్టుకుంది. మాబెల్ ఎడమ చేతి చిటికెన వేలితో తోసింది. బెత్తెడు దూరంలో అది ఒక్క క్షణం ఆగినట్టే ఆగి, చప్పుడు లేకుండా తనే మూసుకుంది. ఆమె మళ్లీ తెరిచింది, మళ్లీ తోసింది. నాలుగోసారికి చిన్నపిల్లలా నవ్వింది. ప్రేమ్‌రాజ్ కిటికీవైపు తిరిగి కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

ఆ ఆదివారం చర్చి బయట ఆయన పదిమందికి చెప్పాడు: చౌకట్టున్న అల్మారాకు ప్యాకింగ్ వెయ్యకుండా చానెల్ బిగించేవాడు శుద్ధ మూర్ఖుడని, ఈ సంగతి కంపెనీవాళ్లకే తెలియదని, తను పరిశోధించి కనుక్కున్నానని. మాబెల్ పక్కనే ఉంది. విన్నది, దగ్గింది.

నెల తిరగకముందే, చర్చి బయట ఆ మాట విన్న కేథరిన్ అనే ఆవిడ తన అల్మారా పనికి రాజమల్లును బషీర్‌బాగ్‌కు పిలిపించింది. "ప్రేమ్‌రాజ్ గారి పద్ధతిలోనే చెయ్యాలి, తెలుసా నీకు?" అని గట్టిగా అడిగింది.

"ఔ అమ్మా, ఆ సార్ దగ్గరనే నేర్సుకున్న" అని రాజమల్లు టేపు తీశాడు.