హంగేరీ సైన్యంలో మా తమ్ముడు

ఈ వేళ మ్యాట్నీ నుంచి ఆ హంగేరీ సినిమాలో మా తమ్ముడు అప్పలకొండ ఉన్నాడు. నిన్నటిదాకా ఆ చోట వేరే మనిషి ఉండేవాడు.

సినిమా పాతది. యుద్ధం కథే గాని నవ్వుల కథ. ఇరవై ముగ్గురు తెల్ల సిపాయిలు, ఒక కల్నలు, ఒక మేక, అందరి వెనకాల ఒక నల్లటి ఫిడేలువాడు. ఆ దేశంలో అలాంటివాళ్లు వేరే పేటలో ఉంటారట. తమ్ముడు మా ఊళ్లో పెళ్లిళ్లకి సన్నాయి ఊదుతాడు. ఇప్పుడు గడ్డం కింద ఫిడేలు పెట్టుకుని మంచులో నిలబడ్డాడు. ఒంటి మీద నా చొక్కాయే.

నా పని తెర పక్కన మైకు పట్టుకుని పరాయి సినిమాని తెలుగులో చెప్పడం. ముప్పై ఏళ్లుగా చెబుతున్నాను. ఎవరి పెదాలు కదిలితే వాళ్ల మాట చెబుతాను. కల్నలుకి చెప్పాను. నోరు ఆడిస్తుంది కాబట్టి మేకకీ చెప్పాను. ఫిడేలువాడి పెదాలు కదలవు. అతనికి ఎప్పుడూ చెప్పలేదు.

పదో రీలులో కల్నలు అతన్ని మందుపాతరలు పెట్టిన పొలంలోకి పంపుతాడు. టోపీ ఎగురుతుంది, హాలంతా నవ్వుతుంది. నిన్న టోపీ ఎగిరిన మనిషికి మెల్లకన్ను. మొన్నటివాడికి లేదు. వాళ్లిద్దరూ ఒక్కడే అనుకున్నాను. ఇప్పుడు అనుమానం వస్తోంది.

ఇంటర్వెల్లో మేనేజరు పట్నాయక్ దగ్గరికి వెళ్తాను. ఆయన గోడకి కొత్త పోస్టరు అంటిస్తున్నాడు. వేలు పెట్టి కూడబలుక్కుని చదువుతాను. 'అన్ని రకాల మనుషులూ ఉన్న చిత్రం.'

"మా తమ్ముడ్నెందుకు తీసుకున్నారు బాబూ?"

"నల్లటోడొకడు ఉండాల తాతా. నేకపోతే అందరూ ఉన్నట్టు కాదంట. పాతోళ్లు అయిపోనారు."

"ఉంటే మాటలేవి మరి?"

"మాటలిస్తే కత మారిపోద్ది. యుద్ధం ఓడిపోతారు."

"ఇప్పుడు గెలస్తన్నారేటి?"

"ఇప్పుడూ ఓడిపోతారు. నవ్వుతా ఓడిపోతారు. నువ్వు నీ పని సూసుకో."

ఆయన చేతులకి అంటింది మైదా జిగురు కాదు. మంచు.

పదో రీలు మొదలవుతుంది. కల్నలు చెయ్యి చాపి పొలం చూపిస్తాడు. అతని పెదాలు కదులుతాయి. "పోరా, దారి సూడు" అని నేనే చెప్పాలి. చెప్పను. అయినా తమ్ముడు నడుస్తున్నాడు. నా వైపే చూస్తూ నడుస్తున్నాడు. హాల్లో జనం నవ్వడానికి ముందే నోళ్లు తెరిచి కూర్చున్నారు.

తమ్ముడి పెదాలు కదలడం లేదు. ముప్పై ఏళ్ల పద్ధతి పక్కన పెట్టి మైకులో చెబుతాను.

"నానెల్లనండి."

తమ్ముడి కాలు గాలిలో ఆగిపోతుంది. దాన్ని ఎక్కణ్నుంచి ఎత్తాడో అక్కడే దించుకుంటాడు.

బెంచీలో ఒకావిడ పక్కావిడతో అంటోంది. "ఫిడేలోడికి మాటొచ్చిందేటే?"

"మూగోడనుకున్నాం గదే ఇన్నాళ్లూ."

కల్నలు తల తిప్పి నన్ను చూస్తాడు. అతని పెదాలు కదులుతాయి. నా నోరు మూసే ఉంది. చేతిలో మైకు తనంతట తనే అంటోంది.

"అయితే సెప్పినోడే ఎల్లాల."

నా చెప్పుల కింద గట్టిగా, చల్లగా ఏదో తగులుతుంది. కదలను. కల్నలు ఇంకోసారి చెప్పడానికి నోరు పెద్దగా తెరుస్తాడు. లోపల కింది పళ్ల మీద పాత ఫిడేలువాళ్లందరూ వరసగా కూర్చుని ఉన్నారు. మెల్లకన్నువాడు నాకు తెలుసు. మిగతావాళ్లని ఇప్పుడే వేరు వేరుగా చూస్తున్నాను.

ఒకాయన కొంచెం జరిగి పక్కన చోటు చేస్తాడు. ఆ చోటు తమ్ముడికా, నాకా అని చూస్తున్నాను.

తమ్ముడి పెదాలు కదులుతాయి. "కూకోకు అన్నా."

పళ్ల మీది ఫిడేలువాళ్లు లేస్తారు. కల్నలు నోట్లోని నాలుకని ఈత చాపలా చుట్టి భుజాల మీదికి ఎత్తుకుంటారు. బరువుగా ఉన్నట్టుంది, తమ్ముడు వెళ్లి వెనక కొస పట్టుకుంటాడు. తెర అంచు దిగి, బెంచీల మధ్య నుంచి మెల్లగా వస్తున్నారు. జనం కాళ్లు ముడుచుకుని దారి ఇస్తున్నారు.

దీన్ని ఎక్కడ దించాలి అని ముందున్నవాడు నన్ను అడుగుతున్నాడు.