ఎత్తలేని గుండె

కీలక నామ సంవత్సరం, వైశాఖ శుద్ధ పంచమి, గురువారం ఉదయం పదిన్నర. శ్రీకూర్మంలో జగన్నాధం ఇంట్లో అతని తల్లి జగ్గమ్మ ఆవకాయకి ఆవాలు దంచుతోంది. వసారాలోంచి పిలుపు వస్తే రోకలి గోడకి ఆనించి, చేతులు కడుక్కుని వెళ్లింది. మనవరాలు పద్మకుమారి పెళ్లికి మాట ఇచ్చిపుచ్చుకునే ముహూర్తం అది.

ఆ ఇంట్లో మాట ఇవ్వడమంటే కంచు పళ్లెంలో గుండె పెట్టడమే. రొమ్ము మీద చెయ్యి ఆనించి నమ్ముతున్నానంటే చాలు, నిమ్మపండంత గుండె వెచ్చగా అరచేతిలోకి వచ్చేది. ఎదుటివాళ్లు అది తీసుకుని తమది ఇవ్వాలి. పాలేరు అప్పలసూరి గుండె ఎన్నో ఏళ్లుగా దేవుడి గూట్లోనే ఉంది. జగన్నాధంది అప్పలసూరి పంచె ముడిలో ఉంది. పిల్లి ముట్టకుండా చూసుకుంటే చాలు.

పెళ్లికొడుకు నరసింగరావు విజయనగరంలో ఇంగ్లీషు పాఠాలు చెబుతాడు. పాదిరీల దగ్గర లాటిన్ కూడా నేర్చాడట. లావుపాటి నిఘంటువు చంకలో పెట్టుకునే వచ్చాడు. పద్మకుమారి గుండె పళ్లెంలో కూర్చుని పిచ్చుకలా కొట్టుకుంటోంది. అతను దానివైపు చూడకుండా పుస్తకం తెరిచాడు.

"క్రెడిట్ అంటారే, ఆ మాట ఎక్కడిదో తెలుసా? లాటిన్లో క్రేదో, నమ్ముతున్నాను అని. ఇంకా లోపలికి వెళితే, గుండె పెట్టాను అని. మన శ్రద్ధ దానికి తోబుట్టువు. కాన్ఫిడెన్సూ, కోర్టు అఫిడవిట్టూ ఫీదెస్ పిల్లలు. ఫీదెస్ అంటే విశ్వాసం."

జగన్నాధం చేతులు కట్టుకుని విన్నాడు. కొడుకు వాలకం చూసి జగ్గమ్మకి రోత పుట్టింది.

"బాగా సెప్పినావు నాయనా. అయితే పెట్టు మరి," అంది మెల్లగా.

"ఏమిటి?"

"గుండె. నీ పుస్తకంలోనూ అదే ఉన్నాదంటివి గదా."

నరసింగరావు నవ్వాడు. "అది ధాతువండీ మామ్మగారూ. తెలిస్తే చాలు, పెట్టక్కర్లేదు. అమ్మాయిది తీసుకెళతాను. నాది తరవాత చూద్దాం."

"ఇత్తనం పేరు సెప్తే పంట పండిపోతాదేటి బాబూ?"

అతను రుమాలు పరిచి గుండెని ఎత్తబోయాడు. కదల్లేదు. రెండు చేతులూ వేశాడు. చొక్కా బొత్తాం తెగి పళ్లెంలో పడింది. ఒంటరిగా వదిలేసిన గుండె బరువెక్కుతుందని ఆ ఇంట్లో పసిపిల్లలకీ తెలుసు.

"పళ్లేనికి అంటించేశారు," అన్నాడు మొహం కందిపోయి.

జగ్గమ్మ కూర్మనాథుణ్ణి తలుచుకుని, రెండు వేళ్లతో గుండెని తీసి, పసుపు అద్ది, మనవరాలి చేతిలో పెట్టింది. "లోపలెట్టుకోయే తల్లీ. ఎండ తగులుతాది."

"అమ్మా, ఇంత సదువుకున్నోడు మళ్లీ దొరుకుతాడేటి?" అన్నాడు జగన్నాధం.

"దొరక్కపోతే మానె. పద్మా, ఆ బాబుకి మంచినీళ్లియ్యి, బస్సు వేళయినాది."

నరసింగరావు నీళ్లు ముట్టకుండా, పుస్తకం మర్చిపోయి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్న ఇంటిల్లిపాదీ ఆవకాయ కలిపి జాడీకెత్తారు. కలిపిన బేసిన్లో వేడన్నం వేస్తే పద్మకుమారి మొదటి ముద్ద తిని, ఇంకో ముద్దకి చెయ్యి చాపింది. జాడీ మూతికి వాసెన గుడ్డ కట్టి, మూత పెట్టి, బరువుకి ఆ నిఘంటువు పెట్టారు. చాల్లేదు. దాని మీద సన్నికల్లు పెట్టారు.