తర్వాత గుర్తుచేయి

"ఇది టీయా, సముద్రమా?"

ఇంటాయన గ్లాసును ఠక్కున బల్ల మీద పెట్టాడు. ఆ టీ ఆయన తన చేతులతో పెట్టుకున్నదే.

"పంచదార డబ్బా చోట ఉప్పు డబ్బా ఎవరు పెట్టారు?"

"నేనేరా. చీమలు పడుతున్నాయని పంచదార పై అరలోకి మార్చాను" అంది తల్లి.

"ఇన్నేళ్ళుగా అక్కడే ఉంది. చెయ్యి దానంతటదే పోతుంది మరి!"

"చేతికి కళ్ళుంటాయా? మూత తీసినవాడివి కళ్ళు కూడా తెరవాలి."

కోడలు తన భోజనం డబ్బా సర్దుకుంటూ అంతా విన్నది. మాట కలపలేదు. ఆ ఇంట్లో గొడవలకైనా, నవ్వులకైనా తల్లీ కొడుకులిద్దరే చాలు. "వెళ్ళొస్తాను" అన్న ఆమె మాట ఆ అరుపుల్లో ఎవరికీ వినపడలేదు.

ఆమె బడిలో కంప్యూటర్ టీచరు. ఆ రోజు అర్ధ సంవత్సరం పరీక్ష పేపర్లు దిద్దడానికి కూర్చుంది. మొదటి ప్రశ్న: కంప్యూటరును ప్రారంభించే విధానము వ్రాయుము.

"ముందుగా స్విచ్ వేయవలెను. తెర వెలిగిన తరువాత 'తర్వాత గుర్తుచేయి' అనునది నొక్కవలెను" అని రాసింది ఒక పిల్ల. టీచరుకు నవ్వొచ్చింది. రెండో పేపరులోనూ అదే ఉంది. మూడో దానిలోనూ అదే. పదో పేపరుకు వచ్చేసరికి ఆమె ఎర్ర కలం కింద పెట్టేసింది.

బడి కంప్యూటర్ గదిలోని పన్నెండు కంప్యూటర్లలో ఉన్న సాఫ్ట్‌వేర్ వాడుకునే అనుమతి మూడేళ్ళ కిందటే ముగిసింది. రోజూ ఉదయం తెర మీద ఆ హెచ్చరిక వస్తుంది. "అది పట్టించుకోకండి, తర్వాత అని నొక్కేయండి" అని పిల్లలకు చెప్పింది తనే. పాపం, వాళ్ళు దాన్నీ పాఠమే అనుకున్నారు. మొన్నొక పిల్ల "ఇంట్లో నేర్చుకుంటాను, ఆ సాఫ్ట్‌వేర్ కాపీ చేసివ్వరా టీచర్?" అని అడిగితే, "అలా తీసుకోవడం తప్పమ్మా" అని మందలించిందీ తనే.

మధ్యాహ్నం హెడ్మాస్టరు గదికి వెళ్ళింది.

"ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కి మారిపోదాం సార్. దాన్ని నడిపే లోపలి రాత, అదే కోడ్, అందరికీ తెరిచే ఉంటుంది. ఎవరైనా చదవొచ్చు, సరిదిద్దొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. పిల్లలు ఇంటికి తీసుకెళ్ళినా దొంగతనం కాదు."

"ఊరికే వచ్చేదానికి విలువేముంటుంది మేడం? రేపు ఆఫీసుల్లో పాతదే ఇస్తే మన పిల్లలు తెల్లమొహం వేయరూ? పాడైతే ఎవరిని పిలవాలి?"

"నన్ను పిలవండి సార్."

ఆయన కళ్ళజోడు తీసి ఆమెను చూశాడు. "సరే, మీ పూచీ మీద మార్చుకోండి. రెండు వారాల్లో పిల్లలు తడబడితే మాత్రం కంప్యూటర్ గది ఇంకొకరికి అప్పగిస్తాను."

ఆమె స్టాఫ్ రూములోకి అడుగుపెట్టేసరికే ఆ కబురు అక్కడికి చేరింది. "మేడంగారు మనందరికీ కొత్త చాకిరీ తెస్తున్నారట" అని ఎవరో అన్నారు. ఆమెను చూడగానే నవ్వులు ఆగిపోయాయి. ఆమె కిటికీ పక్క కుర్చీలో కూర్చుని డబ్బా తెరిచింది. ఆ పూట ఆమెను ఉప్పు ఇటివ్వమని అడిగినవాళ్ళు కూడా లేరు.

చివరి గంట కొట్టాక మూల కంప్యూటరులో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించింది. తెర నిశ్శబ్దంగా వెలిగింది. హెచ్చరిక రాలేదు. నాలుగు వాక్యాలు టైపు చేసి, కాగితం మీదికి తీద్దామని చూసింది. చెయ్యి దానంతటదే ఎడమ మూలకు పోయింది. అక్కడ ప్రింటు బొమ్మ లేదు. ఎక్కడుందో తెలియలేదు.

పదేళ్ళుగా కంప్యూటర్ నేర్పుతున్న మనిషి! ఉదయం ఉప్పు టీ గుర్తొచ్చింది. తనకు తెలిసింది కూడా డబ్బా ఉండే చోటే, లోపలేముందో కాదు. పిల్లలకు నేర్పిందీ అదే. ఈ సంగతి చెప్పుకోవడానికి పక్కన ఒక్కరు లేరు. వరండాలో చీపురు చప్పుడు దూరమై, అదీ ఆగిపోయింది. చీకటి పడకముందే గదికి తాళం వేసి ఇంటికి నడిచింది. హెడ్మాస్టరుతో "వద్దులెండి సార్" అనేస్తే గది దక్కుతుంది. దారి పొడుగునా ఆ మాట నాలుక చివరే ఉంది.

రాత్రి భోజనాల దగ్గర అత్తగారు అన్నది: "డబ్బాలు రేపు పాత చోటే పెట్టేస్తాలే. ఇక ఎవరూ అరవక్కర్లేదు."

"పెట్టకండి అత్తయ్యా" అంది కోడలు.

ఇద్దరూ తలెత్తి ఆమె వైపు చూశారు. ఆమె పేపర్ల సంగతి, హెడ్మాస్టరు షరతు, మూల కంప్యూటరు సంగతి అన్నీ చెప్పింది.

"బడిలో పన్నెండు కంప్యూటర్లూ మార్చేస్తున్నాను. పిల్లల ముందు నిలబడి, ఇది నాకూ రాదు, కలిసి నేర్చుకుందాం అని చెబుతాను."

"టీచరువై ఉండి రాదని చెబుతావా? ఆ గది పోతే?" అన్నాడు భర్త.

"పోతే పోనీండి. పిల్లలకి ఏది ఎక్కడుందో చూపించడం చదువు కాదండీ. మూత తీసి చూడనివ్వాలి, అదీ చదువంటే. వాళ్ళు తీయడానికి వీల్లేని మూతలు బడిలో ఉండకూడదు."

అత్తగారు కోడలి కంచం వైపు జరిగి కూర వడ్డించింది.

"ఎప్పుడమ్మాయ్ మార్చేది?"

"రేపే అత్తయ్యా. తర్వాత అనే మాట పిల్లలకి నేర్పింది చాలు."