చిన్న రెయిలింగు

ఆ ఆఫీసులో డ్రాయింగులు గీసేవాళ్లందరికీ ఒక నియమం ఉండేది. ప్రింటు బయటికి వచ్చిందా, ఇక ఆ ఫైలు జోలికి పోకూడదు. కాగితం చుట్టేసి, కంప్యూటరు కట్టేసి, బతుకుజీవుడా అనుకోవాలి. ఆ నియమం ఎవరు పెట్టారో తెలియదు గాని, ఆ డిజైను సాఫ్ట్‌వేర్‌తో కాపురం చేసినవాళ్లెవరూ దాన్ని తప్పుపట్టరు. అది ఎప్పుడు అలుగుతుందో, ఎందుకు అలుగుతుందో దాన్ని కన్నవాళ్లకే తెలియదు. గోడ జరిపితే తలుపు మాయమయ్యేది. తలుపు పెడితే తెర మొత్తం తెల్లబోయేది. పొద్దుటి నుంచి చేసిన పనంతా గుటుక్కున మింగేసి, ఏమీ ఎరగనట్టు మళ్లీ తెరవమంటారా అని అడిగేది. ఆ మర్యాదకే అందరికీ ఒళ్లు మండేది.

చెల్లెమ్మకి మరీ మండేది. ఆఫీసంతా ఆమెని చెల్లెమ్మ అనే పిలిచేవారు, పక్క బల్ల దగ్గర కూర్చునే పెద్ద డిజైనరు అలా పిలిచేవాడు కాబట్టి. ఆమెకి ఆయన అన్నయ్య. రక్తసంబంధమేమీ లేదు. కొత్తగా చేరిన రోజుల్లో ఒక ఫైలు పోగొట్టుకుని ఆమె బాత్రూములో ఏడుస్తుంటే, ఆయన తలుపు బయట నిలబడి, "రా చెల్లెమ్మా, ఇద్దరం కలిసి మళ్లీ గీద్దాం," అన్నాడు. గీశాడు కూడా.

అన్నయ్య ఆఖరున గీసింది ఒక బడి. తన కూతురు చేరబోయే బడి. పాపకి కాళ్లలో పట్టు తక్కువ, దేన్నైనా పట్టుకుంటే గాని మెట్టు ఎక్కలేదు. పెద్దవాళ్ల రెయిలింగు పాప నెత్తి మీదికి వస్తుంది. అందుకని మెట్ల పక్క గోడకి, పెద్ద రెయిలింగు కింద, పాప చేతికందే ఎత్తులో ఇంకో చిన్న రెయిలింగు గీశాడు. దాన్ని మిగతా గీతల్లో కలపకుండా డ్రాయింగు మీద పరిచిన పల్చటి కాగితంలాంటి ఒక విడి పొరలో పెట్టి, ఆ పొరకి 'పాప' అని పేరు పెట్టుకున్నాడు. తర్వాత జబ్బు చేసి ఆస్పత్రిలో చేరాడు. చూడ్డానికి వెళ్లిన చెల్లెమ్మ చెయ్యి పట్టుకుని, "మిగతాది ఎవరు ఎలా మార్చినా ఫర్వాలేదు. ఆ చిన్న రెయిలింగు మాత్రం ఉండేలా చూడు," అన్నాడు. మళ్లీ ఇంటికి రాలేదు.

ఆయన పోయిన కొద్దిరోజులకే ఆఫీసులో సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షను వేశారు. పాత రోగాలన్నీ కుదురుతాయన్నారు. కుదిరాయి గాని కొత్తవి పట్టుకున్నాయి. బడి డ్రాయింగు పంపాల్సిన రోజు అది చెల్లెమ్మని పెట్టిన బాధ అంతా ఇంతా కాదు. పొద్దున తెరిచినప్పుడు చిన్న రెయిలింగు ఉంది. కళ్లారా చూసుకుని, కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత ప్రింటు కొట్టిన ప్రతిసారీ తెర బిగుసుకుపోయింది. మూసింది, తెరిచింది, మళ్లీ మూసింది. తెరిచినప్పుడల్లా తెర మధ్యలో ఒక పెట్టె ఊడిపడి ఏదో అడిగేది. అలాంటివి రోజూ లెక్కలేనన్ని వస్తుంటాయి, అవన్నీ చదువుతూ కూర్చుంటే పని సాగినట్టే. ఆఫీసులో ఎవరూ చదవరు, సరే అని నొక్కేస్తారు. ఆమె కూడా సరే అని నొక్కింది. అవతల బడి కట్టే మేస్త్రీ గుమ్మంలో నిలబడి అయిందా అమ్మా, అయిందా అమ్మా అని ప్రాణం తీస్తున్నాడు. చివరికి ప్రింటరు మూలుగుతూ కాగితాలు కక్కింది. ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. అప్పటికే ఆమెకి తలప్రాణం తోకకి వచ్చింది. పరిచి చూడకుండానే చుట్టి మేస్త్రీ చేతిలో పెట్టేసింది.

బడి పూర్తయ్యాక వదిన ఫోను చేసింది. "పాపని తీసుకెళ్తున్నాను, నువ్వూ రా. మీ అన్నయ్య పని చూద్దాం."

ఇంకా రంగు వాసన పోని మెట్ల దగ్గర వదిన ఆగింది. వంగి, గోడ మీద చెయ్యి వేసి, కింది నుంచి పైదాకా తడిమింది. నున్నటి పలకలు, వాటి మీద పెద్దవాళ్ల రెయిలింగు. అంతే.

"పాప కోసం ఇక్కడ ఏదో పెట్టానన్నారే," అంది.

చెల్లెమ్మ తనూ గోడ తడిమి చూసింది. పక్కకి వెళ్లి ఆఫీసుకి ఫోను చేసింది. అక్కడి కుర్రవాడు ఫైలు తెరిచి చూసి, 'పాప' అనే పొరే లేదన్నాడు. విడి పొరలు తీసేయమంటారా అని కొత్త వెర్షను అడుగుతుందట, సరే అంటే తీసేస్తుందట. పాత ఫైలున్న కంప్యూటర్లని కొత్త వెర్షను వేసినప్పుడే తీసేశారు కదా అని కూడా అన్నాడు.

తిరిగి వచ్చేసరికి వదిన మెట్టు మీద కూర్చుని ఉంది. "గీయలేదన్నమాట," అంది. "నా మనసు కుదుటపడాలని చెప్పుంటారు. ఎప్పుడూ అంతేగా, అన్నీ చేసేశాననేవారు."

అందులో కోపం లేదు. అదే చెల్లెమ్మకి భరించరానిదైంది. నోరు మెదపకుండా ఊరుకుంటే సరిపోయేది, పోయినవాడు వచ్చి కాదంటాడా?

"గీశాడు వదినా. నేను చూశాను. ఫైలు తెరిచేటప్పుడు అదేదో అడిగింది, నేను చదవకుండా సరే అన్నాను. ప్రింటు వచ్చాక చూసుకోనూ లేదు."

వదిన తలెత్తి చూసింది. "గీశారా?" అంది. "ఒక్కసారి ఆ బొమ్మ చూపించు. ఇంకేమీ అడగను."

"లేదు వదినా. ఎక్కడా లేదు."

"ఎంత ఎత్తులో గీశారు?"

చెల్లెమ్మ వంగి గోడకి తన ముంజేతిని ఆనించి చూపించింది. పక్కనే నిలబడ్డ పాప ఏమనుకుందో ఏమో, ఆ చేతిని పట్టుకుని ఒక మెట్టు ఎక్కింది. చెల్లెమ్మ వంగినది వంగినట్టే, చేతిని గోడ వెంట జరుపుకుంటూ పాపతో పాటు ఎక్కింది. నడుము పట్టేసినా లేవలేదు. కింద వదిన మొహం చేతుల్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

పైమెట్టు చేరాక పాప ఆయాసపడుతూ, "సరిగ్గా అందింది అత్తా," అంది. చెయ్యి మాత్రం వదల్లేదు. కాసేపు ఆగి, "కానీ నువ్వు రోజూ రాలేవుగా," అంది.