మాట్లాడుతూ పరుగు

పుంగనూరు బడికి నేను కాపలావాణ్ణి. సాయంత్రం పరుగు ముగించి పిల్లలంతా వెళ్లిపోయారు. ఆయాసంతో వెనకబడే ఇందు ఒక్కతే మిగిలింది. ఆగకుండా పరుగెత్తగలిగితేనే ఖోఖో జట్టులోకి తీసుకుంటారట.

"మాట్లాడతా పరిగెత్తమన్నాడు తాతా, డ్రిల్లు సారు. మాట రాకుంటే నిదానం చెయ్యల్లంట. నాతో మాట్లాడేదానికి ఎవురూ లేరు."

నా భార్య మారెమ్మ పోయాక నాకూ మాటలు తగ్గాయి. అయినా గేటు దగ్గర కూర్చుని, ఆ పిల్ల మైదానం చుట్టి నా ముందుకు వచ్చినప్పుడల్లా ఒక్కో ప్రశ్న అడిగాను.

"ఏం తింటివి?"

"సంగటి!"

మళ్లీ వచ్చింది.

"కూరేంది?"

"ఊరిబిండి! నువ్వు మూగోడివనుకుంటిని! ఇంట్లో ఎవురుండారు తాతా?"

గొంతులో ఆయాసం లేదు. ఆగకుండా సాగిపోయింది. ఎవరూ లేరని చెప్పడానికి, తను మళ్లీ తిరిగొచ్చేదాకా కాచుకున్నాను.