ఎడమ చెవి గోక్కుంటే

నా గొంతు పెద్దది. కొంత పుట్టుకతో వచ్చింది, మిగతాది ఉద్యోగంతో వచ్చింది. నేను డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పిస్తాను. పద్దెనిమిదేళ్ళుగా రోజుకి ఆరుగురిని పక్కన కూచోబెట్టుకుని "బ్రేకు, బ్రేకు, అది బ్రేకు కాదు నాయనా!" అని అరిచే మనిషికి మెల్లగా మాట్లాడటం ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పండి? మా ఆయన కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో అసిస్టెంటు. గాజు గొట్టాల మధ్య పనిచేసి చేసి, మాట కూడా చెయ్యి జారితే పగిలిపోతుందేమో అన్నంత జాగ్రత్తగా తీస్తాడు. మా ఇద్దరికీ ఎలా కుదిరిందని మాత్రం అడక్కండి. కుదిరింది, అంతే.

ఆయనకి పాత కెమెరాల పిచ్చి. రీలు వేసి తీసేవి. ఒకటి కొని ఊరుకుంటే అది పిచ్చి ఎందుకవుతుంది? కెమెరాకి లెన్సు, లెన్సుకి మూత, మూత పడిపోకుండా తాడు, అన్నిటికీ కలిపి ఓ తోలు సంచీ, ఆ సంచీకి మళ్ళీ కొత్త పట్టీ. నెలకోసారి బాత్‌రూమ్ తలుపు సందుల్లో నల్లగుడ్డలు కుక్కి లోపల రీళ్ళు కడుగుతాడు. ఆ పూట మా ఇంట్లో ఎవరికీ స్నానాల్లేవు. ఎవరికీ అంటే ఎవరో అనుకునేరు, నాకే.

నెలలో రెండో ఆదివారం, మూతపడ్డ సినిమా హాలు పార్కింగులో పాత సామాన్ల సంత పెడతారు. మొదటిసారి నేను ఆయన వెంట వెళ్ళినప్పుడు నిజంగానే ఒళ్ళు మండి నాలుగు దులిపాను. ఫొటోకి వెలుతురు కొలిచే మీటరొకటి చేత్తో పట్టుకుని పసిపిల్లాడిలా నిలబడ్డాడు మరి. కెమెరాలమ్మే ముసలాయన నా అరుపులు విని, మా ఆయన మొహం చూసి, జాలిపడి, అడక్కుండానే రేటు సగం చేశాడు. ఆ రోజు బస్సులో మేమిద్దరం దిగేదాకా పగలబడి నవ్వాం. కండక్టరు టిక్కెట్టు ఇవ్వడానికి కూడా భయపడ్డాడు.

అప్పట్నుంచి అదే మా పద్ధతయింది. ఆయన దుకాణం ముందు నిలబడి అన్నీ తిరగేస్తాడు. కుడి చెవి గోక్కుంటే "ఇది వద్దు, పద" అని. ఎడమ చెవి గోక్కుంటే "ఇది నాకు కావాలి, మొదలుపెట్టు" అని. ఇక నేను అందుకుంటాను. ఇంట్లో కాలు పెట్టే చోటు లేదంటాను. నా చీరల బీరువాలోంచి చీరలు తీసేసి లెన్సులు పెట్టారంటాను. ఏ జన్మలో ఏ పాపం చేసుకున్నానో అంటాను. మంచి ఊపు మీదుంటే పక్క దుకాణాల వాళ్ళు కూడా టీ గ్లాసులు పట్టుకుని వచ్చేవాళ్ళు. గడియారాలమ్మే అతనైతే "అక్కా, పోయిన్నెల డైలాగే ఇంకోసారి" అని అడిగేవాడు.

కెమెరాలమ్మే ముసలాయన్ని అందరూ బాబాయ్ అనేవాళ్ళు, మేమూ అదే అనేవాళ్ళం. డెబ్బై ఏళ్ళుంటాయి. గడియారాలు బాగుచేసేవాళ్ళు పెట్టుకునే నల్ల భూతద్దం ఎప్పుడూ ఒక కంటికి ఉంటుంది. నేను అరుస్తుంటే రెండో కంటితో నన్ను చూసి తల ఊపేవాడు, రేటు తగ్గించేవాడు. మూడేళ్ళు అలా గడిచింది.

ఇప్పుడు అసలు సంగతి. మా ఆయనకున్న వాటిల్లో ప్రాణం లాంటిది ఒకటుంది. పెట్టెలా ఉంటుంది, ముందువైపు ఒకదాని మీద ఒకటి రెండు లెన్సులు. పొట్ట దగ్గర పట్టుకుని, తల వంచి, పైనున్న గాజు పలకలోకి చూడాలి. ఆ గాజు మీద ఎండ పడకుండా నాలుగు రేకుగోడల మూత ఉండాలి. ఆయన కొన్న దానికి అది లేదు. అది లేకపోతే పట్టపగలు గాజులో ఏమీ కనిపించదు. మూడేళ్ళుగా ఆ ఒక్క మూత కోసం ఈయన తిరగని చోటు లేదు.

మొన్న గురువారం చొక్కా గుండీలు పెట్టుకుంటూ మెల్లగా అన్నాడు. "ఈ ఆదివారం కూడా మూత దొరక్కపోతే ఆపేస్తాను. అన్నీ ఎవరికైనా ఇచ్చేస్తా."

"పీడా పోతుంది" అన్నాను. అలవాటైన నోరు కదా, ఊరుకుంటుందా?

అన్నాక గిన్నెలు తోముతుంటే అనుమానం పట్టుకుంది. నిజంగా ఇచ్చేస్తాడా? ఆ పెట్టె పట్టుకుని తల వంచినప్పుడు ఆ మనిషి మొహం మీరు చూడలేదు. రోజంతా ఎవరికీ కనబడకుండా తిరిగే మనిషి, అప్పుడు మాత్రం నిండుగా ఉంటాడు. ఆ ఆదివారాలు, ఆ చెవి గోక్కోవడాలు, ఆ బస్సు నవ్వులు పోతే నాకు మాత్రం ఏం మిగులుతుంది? నాకది కావాలి. కానీ ఆ మాట ఆయనతో అనలేదు.

ఆదివారం వచ్చింది. ఆ పెట్టె మెడలో వేసుకునే బయల్దేరాడు. బాబాయ్ దగ్గర ఓ పాత బిస్కెట్ల డబ్బా ఉంది, విడిభాగాలన్నీ అందులోనే. మా ఆయన స్క్రూల కింద, విరిగిన బెల్టుల కింద చెయ్యి పెట్టి కెలుకుతున్నవాడు ఒక్కసారి బొమ్మలా ఆగిపోయాడు. బయటికి తీస్తే అదే మూత. నల్లగా, నాలుగు రేకులూ చెక్కుచెదరకుండా, లోపల చిన్న భూతద్దంతో సహా.

ఆయన ఎడమ చెవి గోక్కున్నాడు. గోక్కోవడం కాదు, ఊడి చేతికొస్తుందేమో అన్నట్టు పీక్కున్నాడు.

ఇంక నేను ఆగుతానా! నా జీవితంలో అంత గొప్పగా ఎప్పుడూ అరవలేదు. "మళ్ళీనా! మళ్ళీ ఇంకో డొక్కు రేకా! ఇంట్లో మనిషినున్నానా, మ్యూజియం కాపలాదార్నా? మాట్లాడితే ఆ పెట్టె, మాట్లాడకపోతే ఆ పెట్టె! ఈ ముక్క ఇవాళ గుమ్మం లోపలికొచ్చిందో, నేను గుమ్మం బయటికి పోతాను, ఒట్టు!" కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకున్నాను కూడా. గడియారాలతను చప్పట్లు కొట్టబోయి ఆపుకున్నాడు.

బాబాయ్ భూతద్దం తీసి పక్కన పెట్టాడు. ఆ మనిషి రెండు కళ్ళూ ఒకేసారి చూడటం నాకదే మొదలు. మా ఆయన చేతిలోంచి మూత తీసుకుని, గుడ్డతో తుడిచి, డబ్బాలో పెట్టి, డబ్బా మూసేశాడు.

"ఇది నీకు అమ్మను అబ్బాయ్" అన్నాడు.

నాకు పైప్రాణాలు పైనే పోయాయి. "అదేంటి బాబాయ్?"

"మూడేళ్ళుగా చూస్తున్నాను తల్లీ. నువ్వేడుస్తూనే ఉన్నావు, ఇతను కొంటూనే ఉన్నాడు, నేను అమ్ముతూనే ఉన్నాను. మా ఆవిడా ఇలాగే అరిచేది. ఊరికే అంటోందిలే అనుకున్నా. ఒకరోజు అన్నంత పనీ చేసింది, సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది. పదకొండేళ్ళయింది. ఒక ఇల్లు చెడింది చాలు. ఇంకో ఇల్లు నా చేత్తో చెడగొట్టలేను."

నేను నాలుక కరుచుకున్నాను. "అయ్యో బాబాయ్, అదంతా నాటకం! రేటు తగ్గించడానికి! చెవి గోక్కోవడం గుర్తు! కావాలంటే గడియారాల తమ్ముణ్ణి అడగండి!"

"మొగుడి పరువు కాపాడుకుంటున్నావు. మంచి పిల్లవి" అన్నాడు బాబాయ్. ఎంత చెప్పినా వినడే! ఆఖరికి మా ఆయన వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు అబ్బాయ్. నాటకమేనా?"

మా ఆయన వెంటనే అవునంటే అయిపోయేది. ఈ మనిషి అబద్ధం ఆడి ఎరుగడు.

"మొదట్లో నాటకమే బాబాయ్" అన్నాడు. "ఈ మధ్య... నాకూ తెలియట్లేదు."

నా నోటికి బ్రేకు పడింది. అప్పుడు తట్టింది, ఈ డైలాగులన్నీ నేను ఇంట్లోనే సాధన చేసేదాన్నని. రీళ్ళు కడుగుతుంటే తలుపు బయట నిలబడి ఒకటి, అన్నం వడ్డిస్తూ ఒకటి. సంతలో బాగా పేలిన మాట ఇంటికొచ్చాక కూడా వదిలేదాన్ని కాదు. బస్సులో నవ్వుకోవడం ఎప్పుడు మానేశామో నాకు గుర్తే లేదు. ఆయన ఆపేస్తానన్నది మూత దొరక్క కాదు, నేను నిజంగానే విసిగిపోయాననుకుని. చెవిలో ఇల్లు కట్టుకుని పోరితే ఎవరు మాత్రం నమ్మరు?

బాధేసింది. నాకు బాధేస్తే కోపం వస్తుంది. విసురుగా వెళ్ళి ఆయన మెడలోంచి ఆ పెట్టె కెమెరా తీసి బాబాయ్ ముందు పెట్టాను. దాని మీద అసలు మూత బదులు అట్టతో చేసిన మూత ఒకటుంది.

"ఇది ఎవరు చేశారో అడగండి" అన్నాను.

బాబాయ్ భూతద్దం మళ్ళీ కంటికి పెట్టుకున్నాడు. అట్టమూతని ఇటూ అటూ తిప్పి, దాని మూలలు దగ్గరగా చూశాడు. చెప్పుల పెట్టె అట్ట. లోపల వెలుతురు తళుక్కుమనకుండా నల్ల మఖమలు. మూలల్లో చిన్న చిన్న కుట్లు.

"ఎవరు?"

"ఈవిడే" అన్నాడు మా ఆయన. "వానకి తడిసినప్పుడల్లా మళ్ళీ చేసేది. ఇది నాలుగోది."

"నేను చెప్తాను!" అన్నాను, పెద్దగానే. "మఖమలు నా పెళ్ళి జాకెట్టుది. కొత్త చెప్పులు కొనుక్కుంది కాళ్ళ కోసం కాదు, ఆ అట్టపెట్టె కోసం. రాత్రి ముసురు పట్టిందంటే ఆ లెన్సులు బూజు పడతాయని ముందు లేచేది నేను. ఏమండీ, మీరూ వినండి. నాకు ఇష్టం. ఆ పెట్టెలంటే కాదు, ఆ పెట్టె పట్టుకున్న మీరంటే. తెలుసనుకున్నాను. చెప్పలేదు. తప్పు నాదే, చాలా?"

నా గొంతు సంగతి చెప్పాను కదా. పార్కింగు మొత్తం వింది. మా ఆయన చెవులు రెండూ ఎర్రగా అయిపోయాయి.

బాబాయ్ ఆ కుట్లని వేలితో తడిమాడు. తర్వాత డబ్బా తెరిచి మూత తీసి మా ఆయన చేతిలో పెట్టాడు. "విసిగిపోయిన మనిషి ఇంత సన్నగా కుట్టదు" అన్నాడు. కళ్ళు తుడుచుకుని రేటు చెప్పాడు.

"అమ్మో, అంతా? కొంచెం..."

"నాటకమని నువ్వే ఒప్పుకున్నావు కదమ్మాయ్" అన్నాడు బాబాయ్. "నాటకానికి తగ్గింపు లేదు. పూర్తి రేటు."

గడియారాలతను పొట్ట పట్టుకుని నవ్వాడు. మూడేళ్ళలో మొదటిసారి, నోరు మూసుకుని అడిగినంతా ఇచ్చాను.

సినిమా హాలు మెట్ల మీద కూచుని మా ఆయన జేబులోంచి చిట్టి స్క్రూడ్రైవర్ తీశాడు. అట్టమూత ఊడదీసి కొత్తది బిగించాడు. "ఇంక అది పారెయ్యండి" అన్నాను. వినలేదు, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత లేచి నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, తల వంచి, గాజులోకి చూశాడు. ఎండ నడినెత్తి మీద ఉంది. పెట్టె నా వైపే తిరిగి ఉంది.

"ఏంటి, నన్నా? జుట్టు చూడండి ఎలా రేగిపోయిందో! కళ్ళు ఉబ్బిపోయాయి, ఇప్పుడెందుకండీ..."

తల ఎత్తలేదు. కుడిచేత్తో పెట్టె పట్టుకుని అలాగే గాజులోకి, అంటే నా వైపే, చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ ఎడమచెయ్యి మెల్లగా పైకెత్తి, ఎడమ చెవి గోక్కున్నాడు.

అందుకోవాల్సింది నేనే. ఈసారి అరవలేదు, రేగిన జుట్టు సవరించుకున్నాను.